మూత మీద చెయ్యి

పోయిన సంక్రాంతికి మా అక్కావాళ్ళు డాలస్ నుంచి వచ్చారు. బావ వస్తూ వస్తూ హైదరాబాదులో ఆగి, ఒక బార్బెక్యూ పొయ్యి కొని కారు డిక్కీలో వేసుకొచ్చాడు. గుండ్రటి ఇనుప డొప్ప, దాని మీద అంతే గుండ్రటి మూత, కింద మూడు కాళ్ళు. కనుమ నాటి సాయంత్రం పిడుగురాళ్లలో మా డాబా మీద దాన్ని వెలిగించాం. ఉప్పు, కారం, పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించి పొద్దుటి నుంచీ నానబెట్టిన కోడి తొడలు పన్నెండు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం.

బావ నెమ్మదస్తుడే. అయినా ఆ రోజు మూత మీంచి చెయ్యి తియ్యలేకపోయాడు. వెయ్యడం, రెండు నిమిషాలకోసారి ఎత్తి చూడటం, మళ్ళీ వెయ్యడం. ఎత్తినప్పుడల్లా లోపలికి గాలి దూరి, బొగ్గుల మీద కారిన కొవ్వు భగ్గున అంటుకునేది. ఇరవై నిమిషాలకు తొడలన్నీ నల్లబడ్డాయి. అయిపోయాయనుకుని దించేశాం. మా మేనకోడలు మొదటి ముక్క కొరికి, ఏమీ అనకుండా పళ్ళెంలో పెట్టేసింది. ఎముక పక్కన మాంసం ఇంకా గులాబీ రంగులోనే ఉంది, సన్నగా ఒక నెత్తుటి చార.

ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నాను. పైన మసి, లోపల పచ్చి. సరిగ్గా ఇలాంటిదాన్నే నా చిన్నప్పుడు మా నాన్న నా చేతిలో పెట్టాడు. అది రాయి.

నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. మా ఊరి సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పిడుగురాళ్ల అంటే సున్నం. పల్నాడు నేల కింద సున్నపురాయి బోలెడు. ఊరి చుట్టూ బట్టీలు, ముగ్గు మిల్లులు. ‘లైమ్ సిటీ’ అని పేరు పడిందే అందుకు. బడి నుంచి వచ్చాక నాన్నకి క్యారియర్ పట్టుకెళ్ళేది నేనే. బట్టీ అంటే నిలువుగా కట్టిన పెద్ద గొట్టం లాంటిది. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పోస్తారు. మంట నడుమ ఉంటుంది. కాలిన సున్నాన్ని కిందనుంచి లాగుతారు. గాలి కింద దూరి పైకి పోతూ, ఆ వేడితో పైనున్న పచ్చిరాయిని ముందే కాచి పెడుతుంది. బట్టీకి విడిగా మూతేమీ ఉండదు, పైన పోసిన రాయే లోపలి వేడికి మూత. రాయి సున్నంగా మారాలంటే దాదాపు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. ఆ వేడి పైపొరకు తగిలితే చాలదు, నడిమధ్యకు చేరాలి.

ఒకరోజు నాన్న రెండు గడ్డలు తీసి నా రెండు చేతుల్లో పెట్టాడు. చూపుకి రెండూ తెల్లగా ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి దూదిలా తేలిగ్గా ఉంది, రెండోది చెయ్యి దిగిపోయేంత బరువు. “ఆ బరువుది కాల్లేదురా. పైపైన సున్నం, లోపల రాయి రాయిలాగే ఉంది” అన్నాడు. దాని లెక్క నాకు కాలేజీలో గానీ తెలియలేదు. మేలైన సున్నపురాయి వంద కిలోలు పూర్తిగా కాలితే మిగిలే సున్నం 56 కిలోలే, మిగతా 44 కిలోలూ బొగ్గుపులుసు వాయువుగా గాల్లోకి పోతుంది. నాన్నకి ఆ లెక్క అరచేతిలో ఉంది.

తర్వాత రెండు గడ్డల్నీ నేలమీద పెట్టి, దూరంగా నిలబడి నీళ్ళు చల్లాడు. తేలికది బుసబుసా పొంగి, పగిలి, ఆవిరి కక్కుతూ పిండిలా రాలిపోయింది. బరువుది పైన మాత్రం రాలి, నడుమ బూడిదరంగు గుండు ఒకటి అలాగే మిగిలింది.

“ఎందుకట్టా అయింది నాన్నా? మంట చాల్లేదా?”

“మంటకేం, బాగానే ఉంది. ఇంకా పెంచితే పైసున్నం మాడుద్ది, నీళ్ళు పోసినా పొంగదు. లోపలిది మాత్రం పచ్చిగానే ఉంటది. అది పెద్ద రాయిరా అబ్బాయ్. పెద్ద రాయికి టైం కావాల.”

మంట మీద మాంసం వండే పద్ధతి గురించి తర్వాత ఎన్నో చదివాను, ఎందరినో అడిగాను. అసలు సంగతి ఆ రోజు నాన్న చెప్పిన మాటలోనే ఉందని ఇప్పటికీ నా నమ్మకం. మూత తెరిచి ఉంచాలో మూసి ఉంచాలో ముక్క మందం చెప్పాలి. మన ఆత్రం చెప్పకూడదు.

ఈ విద్య మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. దోశ పోసినప్పుడు చాలామంది పెనం మీద మూత పెట్టరు. పలచటి పిండి, కింద కాలితే చాలు, మూత పెడితే ఆవిరి పట్టి మెత్తబడుతుంది. అదే పిండి ముకుట్లో రెండంగుళాల మందాన దిబ్బరొట్టెగా వేస్తే? మూత పెట్టి, సెగ తగ్గించి, పావుగంట దాకా అటుకేసి చూడరు. మూత లేకుండా దిబ్బరొట్టె కాల్చమని ఏ అమ్మకైనా చెప్పి చూడండి, అడుగు మాడి నడుమ పిండి కారుతుందని వెంటనే అంటుంది. బార్బెక్యూ పొయ్యి దగ్గర నిలబడగానే ఈ తెలివి మనం ఎందుకు మర్చిపోతామో! పొయ్యి కొత్తది కాబట్టి పద్ధతి కూడా కొత్తదనుకుంటాం.

మూత తీసి ఉన్నప్పుడు ముక్కకి వేడి ఒక్క వైపు నుంచే, కింద కణకణలాడే నిప్పుల నుంచే తగులుతుంది. పైభాగం చల్లగాలిలో ఉంటుంది. అడుగు త్వరగా ఎర్రబడుతుంది, కమ్మటి వాసన వస్తుంది, లోపలికి మాత్రం వేడి మెల్లగా పాకుతుంది. మూత పెట్టగానే పైకి పోయే వేడి గాలి మూతకి తగిలి వెనక్కి తిరుగుతుంది, ముక్క చుట్టూ తిరుగుతుంది, పొయ్యి కాస్తా బేకరీ ఓవెన్ అవుతుంది. అప్పుడు ముక్క అన్ని వైపుల నుంచీ ఉడుకుతుంది.

మందం దగ్గర మనం వేసే లెక్క ఎప్పుడూ తప్పుతుంది. ముక్క రెండింతలు మందమైతే సమయమూ రెండింతలే అనుకుంటాం. నడిమధ్యకు వేడి చేరడానికి దాదాపు నాలుగింతల సమయం కావాలి. అంగుళం ముక్క ఎనిమిది నిమిషాల్లో ఉడికితే, రెండంగుళాల ముక్క అరగంట అడుగుతుంది. ఆ అరగంటా కింది మంట ఒక్కదాని మీదే పెడితే మిగిలేది మసే.

నేను వాడే కొలత నా బొటనవేలు. ముక్క బొటనవేలి మందం లోపుంటే మూత తీసే ఉంచుతాను. ఎముకలేని కోడిముక్కలు ఊచకు గుచ్చినవి, పలచగా కోసిన మటన్ చాప్స్, రొయ్యలు, పనీరు, ఉల్లిచక్రాలు, క్యాప్సికం, అప్పడాలు. ఇవన్నీ నిమిషాల మీద అయిపోయేవి. పక్కనే నిలబడి, పట్టకారు చేతిలో పట్టుకుని, తిప్పుతూ ఉండాలి. మొక్కజొన్న పొత్తులు మందమైనవే అయినా గింజలు పైనే ఉంటాయి కాబట్టి తెరిచే కాల్చాలి. పచ్చడికి వంకాయ కూడా అంతే, దాని తొక్క నల్లగా మాడాల్సిందే, ఆ మాడిన వాసనే పచ్చడి రుచి.

మందం దాటితే మూత వేస్తాను. ఎముకతో ఉన్న కోడి తొడలు, నిండు కోడి, పొట్టేలు తొడ, కృష్ణలో పట్టిన నిండు చేప. వీటికి మూత ఒక్కటే సరిపోదు, నిప్పుల్ని కూడా సర్దుకోవాలి. బొగ్గులన్నీ పొయ్యిలో ఒక పక్కకు నెట్టి కుప్ప చెయ్యండి. మాంసాన్ని జాలీ మీద రెండో పక్క, కింద నిప్పు లేని చోట పెట్టండి. మూత వెయ్యండి. కారిన కొవ్వు నిప్పుల మీద పడదు, మంట లేవదు, వేడి గాలి చుట్టుముట్టి ఉడికిస్తుంది. కోడి తొడలకు నలభై నిమిషాలు, కిలోన్నర కోడికి గంటా పావు, ముప్పావు కిలో చేపకు ఇరవై అయిదు నిమిషాలు. పొయ్యిని బట్టి, గాలిని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది.

నాటుకోడి గురించి పల్నాడు వాళ్ళకి విడిగా చెప్పాలి. ముదురు పుంజును ఏ మూత కింద పెట్టినా అది బ్రాయిలర్ కోడిలా ఉడకదు, ఆరిపోయి నారలా సాగుతుంది. ముందు కుండలో పసుపు, ఉప్పు వేసి ముప్పావు వంతు ఉడికించుకుని, తర్వాతే పొయ్యి మీదికి తేవాలి. అప్పటికి లోపల ఉడికే ఉంటుంది కాబట్టి మూత అక్కర్లేదు, తెరిచి నాలుగు వైపులా ఎర్రగా కాలిస్తే చాలు.

ఇక్కడ ఇంకో చిక్కుంది, అది మన కారం. పల్నాడు మిరప కారం దట్టించిన ముక్కని నేరుగా నిప్పుల మీద పెట్టి పావుగంట ఉంచితే కారం మాడి చేదెక్కుతుంది, ఆ ఘాటుకి వీధి చివరి దాకా దగ్గుతారు. బెల్లం, తేనె కూడా అంతే, ఇట్టే మాడతాయి. అందుకని మందపు ముక్కలకి నా వరస ఇది. ముందు మూత కింద, నిప్పు లేని పక్క, పూర్తిగా ఉడకనివ్వాలి. చివరి నాలుగైదు నిమిషాలు మూత తీసి, నిప్పుల పక్కకి జరిపి, ఎర్రగా కాల్చాలి. మిగిల్చుకున్న మసాలా పూయాలనుకుంటే పచ్చిమాంసం నానినది వద్దు, విడిగా తీసిపెట్టుకున్నది అప్పుడు పూయాలి. బావ ఆ రోజు చేసింది దీనికి తలకిందులు. ముందే నిప్పుల మీద నల్లగా కాల్చేశాడు, ఆ నిప్పుల మీద లోపల ఉడికించడానికి ఇక దారి లేకుండా పోయింది.

మూసి వండే పద్ధతి ఎంత మెత్తగా పనిచేస్తుందో చూడాలంటే మారేడుమిల్లి వెళ్ళండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల్లో వేసి తిప్పుతారు. నూనె చుక్క ఉండదు. బొంగు పైన నల్లగా కాలిపోతుంది, లోపల ముక్క తన నీళ్ళలో తనే, వెదురు తేమలో ఉడుకుతుంది. దమ్ బిర్యానీ చేసేవాళ్ళు హండీ అంచుకి పిండి ముద్ద అతికించి, మూత మీద కూడా నిప్పులు పోసేది ఇందుకే. పిండి అతికించాక మధ్యలో ఎత్తి చూడటమనే ప్రశ్నే లేదు.

అసలు కష్టం అదే, ఎత్తి చూడకుండా ఉండటం. మూత ఎత్తిన ప్రతిసారీ లోపల చేరిన వేడిగాలంతా ఒక్క గుటకలో పోతుంది. అది మళ్ళీ చేరడానికి నిమిషాలు పడుతుంది. పది సార్లు ఎత్తితే నలభై నిమిషాల వంట గంట దాటుతుంది, ముక్క ఆరిపోతుంది. నేను మూతమీద చెయ్యి వేసే ముందు పైకే అడుగుతాను: “ఎందుకు తీస్తున్నా? తిప్పడానికా, జరపడానికా, పూయడానికా, దించడానికా?” ఈ నాలుగిట్లో ఒకటైతే తీస్తాను. ఊరికే చూడ్డానికైతే చెయ్యి వెనక్కి తీసుకుంటాను. పెట్టిన టైము ఒక కాగితం మీద రాసుకుంటాను. ఆ టైమయ్యేదాకా చేతులకి వేరే పని చెబుతాను, ఉల్లిపాయలు తరగడం, నిమ్మకాయలు కోయడం. చేతులు ఖాళీగా ఉంటే మూత దగ్గరికే పోతాయి.

ఈ అలవాటు పొయ్యి దగ్గర నేర్చుకున్నాక ఇంట్లోనూ పనికొచ్చింది. మా పెద్దబ్బాయి ఇంటర్ పరీక్షలకి చదువుకుంటుంటే నేను అరగంటకోసారి తలుపు తీసి “ఎంతవరకు వచ్చిందిరా?” అనేవాణ్ణి. వాడు తలెత్తేవాడు, జవాబిచ్చేవాడు, మళ్ళీ పుస్తకంలోకి దిగడానికి పది నిమిషాలు పట్టేది. వాడి మేలు కోరే తీశాను ఆ తలుపు. వాడు కూడబెట్టుకున్న వేడి నా చేత్తోనే పోయింది. ఇప్పుడు రాత్రి భోజనాల దగ్గర ఒక్కసారే అడుగుతాను.

చూడకుండా ఉడికిందని తెలిసేదెట్లా అంటారా? టైము రాసుకున్నది అయ్యాక ఒక్కసారి తీసి, ఎముకకి తగలకుండా, అతి మందంగా ఉన్నచోట థర్మామీటరు ముల్లు గుచ్చండి. కోడికి 74 డిగ్రీల సెంటీగ్రేడు రావాలి. మూత మీద ఉండే గడియారం లాంటి ముల్లుని నమ్ముకోకండి, అది మూత దగ్గరి గాలి వేడి చెబుతుంది గానీ ముక్క సంగతి చెప్పదు. బరువు చూసి రాయి సంగతి చెప్పేంత అనుభవం మనకి లేదు కాబట్టి ఆ చిన్న ముల్లు కొనుక్కోవడమే మేలు.

మూతకుండే గాలి కన్నాల గురించి. ఈ గుండ్రటి మూత పొయ్యి పుట్టిందే గాలి బాధ పడలేక. చికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీళ్ళమీద తేలే ఇనుప బోయలు తయారుచేసే చోట, 1952లో అలాంటి గుండ్రటి బోయ డొప్పతో తన ఇంటికి పొయ్యి చేసుకున్నాడు. ఇటుక పొయ్యి మీద గాలి బూడిదంతా మాంసం మీద కొడుతోందని ఆయన బాధ. మూత కింద నిప్పు బతకాలంటే గాలి కావాలి కాబట్టి కన్నాలు పెట్టాల్సొచ్చింది. వండేటప్పుడు మూత మీది కన్నం తెరిచే ఉంచాలి, అది మాంసం ఉన్న పక్కకు తిప్పుకుంటే వేడిగాలి, పొగ ముక్క మీదుగా పోతాయి. వేడి తగ్గించాలంటే కింది కన్నాన్ని సగం మూయండి. కొవ్వు మంట లేస్తే నీళ్ళు చల్లొద్దు, బూడిద ఎగిరి ముక్కలకు పడుతుంది, ఆవిరి చేతులు కాలుస్తుంది. ముక్కల్ని పక్కకి జరిపి మూత వెయ్యండి, గాలి తగ్గి మంట అణుగుతుంది. చాలాసేపు మూసి ఉంచిన మూతని ముఖం దగ్గర పెట్టుకుని ఒక్కసారిగా ఎత్తకండి, ముందు ఒక పక్క కొద్దిగా తెరిచి గాలి పోనివ్వండి.

వెలిగించేటప్పుడు మూత పూర్తిగా తీసే ఉండాలి. సర్కారు తుమ్మ బొగ్గయితే కింద కొబ్బరిపీచు, రెండు కర్పూరం బిళ్ళలు చాలు. కిరసనాయిలు వద్దు, ఆ వాసన మూత కింద చేరి మాంసానికి పడుతుంది. తెల్లటి చిక్కటి పొగ తగ్గి, బొగ్గుల మీద బూడిద పొర కమ్మాకే మూత సంగతి. గ్యాసు పొయ్యికి ఈ నియమం ప్రాణాలకి సంబంధించింది. మూత వేసి ఉండగా గ్యాసు తిప్పితే అది లోపల నిండుతుంది, నిప్పు తగలగానే పేలుతుంది. ముందు మూత తియ్యండి, తర్వాత గ్యాసు తిప్పండి. బొగ్గు పొయ్యిని, మూత ఉన్నా లేకపోయినా, గదిలోకి గానీ కిటికీలు మూసిన బాల్కనీలోకి గానీ తేకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు, మనిషికి తెలియకుండానే చంపుతుంది.

మా పల్నాడు వాళ్ళకి మరో జాగ్రత్త. మన డాబాల మీద, వాకిళ్ళలో నాపరాళ్ళు ఉంటాయి. అదీ సున్నపురాయి జాతే. తేమ ఉన్న నాపరాయికి మంట సెగ తగిలితే పెచ్చులు టప్పున ఎగురుతాయి. ఒకసారి ఇటుకలు పేర్చి నేరుగా నాపరాయి మీద నిప్పు చేస్తే ఒక పెచ్చు నా పాదం పక్కనుంచి దూసుకెళ్ళింది. పిల్లలు పక్కనే ఉన్నారు. ఆనాటి నుంచీ కాళ్ళున్న పొయ్యే వాడుతున్నాను, దాని కింద కూడా రేకు పరిచి రెండంగుళాల ఇసుక పోస్తాను. ఎండాకాలంలో పగటి పూట అసలు వెలిగించను. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన పక్కనే ఉంది. ఆ ఎండల్లో డాబా మీద నిప్పు దగ్గర గంట నిలబడటం ఒంటికి మంచిది కాదు. పొద్దు వాలాక, ఈదురుగాలి లేనప్పుడు మొదలుపెట్టండి. గాలి ఉంటే పలచటి ముక్కలకి కూడా మూత వేసుకోక తప్పదు, అప్పుడు బొటనవేలి కొలత పక్కన పెట్టండి.

ఆ కనుమ రాత్రి మేం ఆ తొడల్ని పారెయ్యలేదు. మసి గీకి, నిప్పులు ఒక పక్కకు నెట్టి, తొడల్ని ఇవతల పక్క పెట్టి మూత వేశాం. బావకి ఉల్లిపాయలు, కత్తి ఇచ్చాను. మధ్యలో ఒకసారి లేచి మూత వైపు చూశాడు.

“బావా, తిప్పడానికా, చూడ్డానికా?”

“చూడ్డానికే” అని మళ్ళీ కూర్చున్నాడు.

ఇరవై అయిదు నిమిషాల తర్వాత తీశాం. పైన అందం లేదు గానీ ఎముక దాకా ఉడికింది. మా మేనకోడలు రెండు తింది.

భోజనాలయ్యాక పొయ్యి మూత వేసి పైకన్నం, కిందకన్నం రెండూ బిగించేశాను. రెండూ ఒకేసారి మూసేది ఆ ఒక్క సమయంలోనే. కట్టెని మట్టి కప్పి, గాలి ఆడకుండా మగ్గబెడితేనే బొగ్గు అయింది. గాలి ఆడకపోతే అది మళ్ళీ బొగ్గుగానే ఆరిపోతుంది. తెల్లారి మూత తీసి చూస్తే బూడిద కింద సగానికి పైగా బొగ్గులు నల్లగా, చల్లగా ఉన్నాయి. చేత్తో ముట్టుకుని చూసి, బావ వాటిని ఏరి గోతంలో పోశాడు.